కర్ర పక్కన నిలబడ్డ మనిషి

ఫొటోలో మనిషి ఉంది, మొహం లేదు. తెరిచిన నల్లగొడుగు కనుబొమల దాకా దిగి ఉంది. దాని కింద గళ్ల శాలువా, ముందుకు చాపిన కుడి చెయ్యి.

"గొడుగు తియ్యమని అడిగావా?" అంది అంగుళం.

నగర కార్యాలయం సైటు అసిస్టెంటు గోడ గడియారం వైపు చూశాడు. పదకొండూ యాభై. "లేదండీ. అక్కకి ఎండ పడదని తమ్ముడుగారు అన్నారు. పెద్దావిడ కదా అని నేనూ ఊరుకున్నాను."

"ఎన్నింటికి తీశావు ఫొటో?"

"పదీ నలభైకి."

"పదీ నలభైకి ఎండ ఆవిడ మొహం మీద పడాలంటే ఆవిడ తూర్పు వైపు తిరిగి ఉండాలి. ఇల్లు పడమటి వీధికి కదా నాయనా, నీ వైపే చూస్తూ నిలబడింది. ఎండ వీపు మీదుంది."

అతను ఫొటోని మళ్లీ ఒకసారి చూశాడు. ఆ రోజు ఇంకా నాలుగు సైట్లు చూడాలని, గుర్తింపు కార్డు చూశానని, కార్డు మీద ఫొటో ఇరవై ఏళ్ల కిందటిదని ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఆవిడ ఏమైనా మాట్లాడిందా అంటే తల ఊపారండీ అన్నాడు. మాటలన్నీ తమ్ముడుగారే మాట్లాడారట.

ఆమె అసలు పేరు ఈ ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు. ఇరవై రెండేళ్లు ఇక్కడే ప్లాన్లు గీసి, అంగుళం తేడా ఉందని పెద్దపెద్దవాళ్ల ప్లాన్లు వెనక్కి పంపినందుకు గుమాస్తాలు పెట్టిన పేరు అంగుళం. ఉద్యోగం వదిలేసి, స్థలాల తగాదాల్లో పరిశోధన చేసి పెట్టే పని మొదలుపెట్టాక బోర్డు మీద కూడా ఆ పేరే రాయించుకుంది.

ఈసారి వెతకవలసింది స్థలాన్ని కాదు, మనిషిని. ముప్పై ఒక్కేళ్లు పాఠాలు చెప్పి రిటైరైన ఒకావిడ, వీధంతా పెద్ద టీచర్ అనే ఆవిడ, వారం రోజులుగా కనబడటం లేదు. ఆవిడా, ఫర్నిచర్ షాపు నడిపే తమ్ముడూ కలిసి తండ్రి ఇచ్చిన ఇంటికి సొంతదారులు. ఆ స్థలాన్ని ముందూ వెనకా రెండు ముక్కలు చేయించాలని తమ్ముడు రెండేళ్ల కిందట అర్జీ పెట్టాడు. వెనక ముక్కకి కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. అయితే వెనక ముక్కకి వీధి నుంచి పన్నెండడుగుల దారి చూపిస్తేనే నగర కార్యాలయం ఒప్పుకుంటుంది. ఆ దారి తీయాలంటే ముందు భాగంలో పెద్ద టీచర్ వంటగది సగానికి పోతుంది. రెండేళ్లపాటు ఆవిడ కుదరదనే అంది. పోయిన మంగళవారం సైటు దగ్గర ఉన్నట్టుండి సంతకం చేసింది. మర్నాడు పొద్దున ఊరెళ్లిపోయింది. ఇది తమ్ముడు చెప్పే కథ.

ఇవాళ సోమవారం. మూడు గంటలకి విచారణ. సొంతదారుల్లో ఎవరూ అడ్డు చెప్పకపోతే అనుమతి మీద ముద్ర పడుతుంది. రేపు ఉదయం ఏడింటికి వంటగది గోడ కొట్టడానికి మిషను వస్తుంది. ఆ తరవాత పెద్ద టీచర్ దొరికినా తిరిగి వెళ్లడానికి ఆవిడ ఇల్లు ఉండదు. అసలు దొరకడమే ఎవరికీ అక్కరలేకుండా పోతుంది.

అంగుళం ఫొటో నకలు తీసుకుని సంచిలో పెట్టుకుంది. ఆ ఫొటో తీసే పద్ధతి ఆమెకి బాగా తెలుసు. విడదీసే గీత మీద ఎరుపూ తెలుపూ పట్టీల కొలకర్ర పాతుతారు. సొంతదారులు చెరో పక్కన, తమకి రాబోయే భాగంలో నిలబడి కర్ర మీద చెయ్యి వెయ్యాలి. ఇల్లంతా పడేలా దూరం నుంచి ఫొటో తీస్తారు. నా భాగమేదో నాకు చెప్పలేదు అని రేపు ఎవరూ అనకుండా పెట్టిన ఏర్పాటు అది. ఒక్కో పట్టీ సరిగ్గా అడుగు. కర్ర స్థలాన్ని కొలవడానికే అనుకుంటారు అందరూ.

ఒంటిగంటా ఐదుకి ఆమె ఆ ఇంటి తలుపు తట్టింది.

తలుపు తీసింది తమ్ముడి కూతురు. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. తల్లి లేదు, మేనత్తే పెంచింది. శనివారం అంగుళం దగ్గరికి వచ్చి కేసు అప్పగించిందీ ఈ అమ్మాయే. అత్తయ్యని చివరగా సోమవారం సాయంత్రం చూశానని, మంగళవారం తనకి డ్యూటీ అని, బుధవారం నుంచి ఫోను మోగడం లేదని చెప్పింది. మనిషి ఎలా ఉంటుందంటే కాస్త నవ్వి, "నా భుజం దాకా వస్తుందండీ. ఒకప్పుడు నేను ఆవిడ భుజం దాకా వచ్చేదాన్ని. ఇప్పుడు తిరగబడింది," అంది. నవ్వుతూ ఉండగానే కళ్లు తుడుచుకుంది.

అమ్మాయి పోలీసులకిచ్చిన ఫిర్యాదులో ఎత్తు నాలుగడుగుల ఎనిమిది అంగుళాలని రాసి ఉంది. రాసిన ఎత్తుని అంగుళం నమ్మదు. ఎత్తూ వయసూ మనుషులు తమకి తోచినట్టు రాస్తారు. ఇల్లు అలా రాయదు.

హాలు దాటి వంటగదిలోకి వెళ్లేచోట దీపం బాగా కిందికి వేలాడుతోంది. అమ్మాయి దాన్ని చూడకుండానే తల వంచి దాటింది, ఏళ్ల తరబడి దాటుతున్నట్టు. అత్తయ్యకి బల్బు మార్చడానికి అందాలి కదా అంది. అంతలో వీధి తలుపు చప్పుడైతే చూడ్డానికి వెళ్లింది.

అంగుళం టేపు తీసింది. వంట గట్టు ఎత్తు ఇరవై ఎనిమిది అంగుళాలు. మామూలు ఇంట్లో ముప్పై మూడు ఉంటుంది. కూరగాయలు తరిగే మనిషి మోచేతికి కాస్త కిందుగా గట్టు ఉండాలి, లేకపోతే సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి. ఈ గట్టు కట్టించుకున్న మనిషి మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంటుందో, తల ఎంత ఎత్తులో ఉంటుందో లెక్క వేసుకుంది. గరిటెలు తగిలించే మేకులు చూసింది. చేతిగుడ్డ వేసే తీగ చూసింది. అన్నీ ఒకటే చెబుతున్నాయి. ఫిర్యాదులో ఎత్తు నిజమే. మహా అయితే అర అంగుళం తక్కువ ఉంటుందేమో.

అయితే ఒక్కటి పొసగలేదు. ఉప్పు డబ్బా, కాఫీ పొడి, చక్కెర పై అరలో ఉన్నాయి, ఆరడుగుల ఎత్తులో. రోజుకి నాలుగుసార్లు కావలసినవి. మూతల మీద వేళ్ల అరుగుదల ఉంది. అంటే వాడుతోంది. అందుకోవడం ఎలాగ? అంగుళం వంగి నేల చూసింది. అర కింద, గోడకి జానెడు ఎడంగా, మూడు గుండ్రటి గుర్తులు. చుట్టూ రాయి అరిగి మెరుస్తోంది, గుర్తుల కింద మాత్రం కొత్తగా ఉంది. ఎన్నో ఏళ్లు అక్కడొక ముక్కాలిపీట ఉంది. ఇప్పుడు లేదు. వంటగది అంతా వెతికింది, హాల్లోకి తొంగి చూసింది. ఎక్కడా లేదు.

ఊరెళ్లేవాళ్లు పెట్టె తీసుకెళ్తారు, మందులు తీసుకెళ్తారు. పీట ఎవరు తీసుకెళ్తారు?

"టేపు పట్టుకుని వంటింట్లో ఏం వెతుకుతున్నారు మేడమ్?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్, ఫిర్యాదు మూసేసిన కాగితం అమ్మాయికివ్వడానికి వచ్చినట్టున్నాడు. అంతకు ముందు ఒక ప్రహరీ గోడ కేసులో ఆయన ముద్దాయి అన్న మనిషిని అంగుళం నాలుగు కొలతలతో బయటికి తెచ్చింది. అప్పటినుంచి ఆయన ఆమెని మేడమ్ అని పిలుస్తున్నాడు, ఆ మాటని కొంచెం సాగదీసి.

"మనిషిని," అంది అంగుళం.

"మనిషి బుధవారం పొద్దున ఆరూ ఇరవై బస్సుకి వెళ్లింది. తమ్ముడు స్వయంగా ఎక్కించి, రాతపూర్వకంగా ఇచ్చాడు. పదకొండింటికి చేరానని ఆవిడ ఫోను నుంచి మెసేజి కూడా వచ్చింది. ఫైలు మూసేశాం."

"మెసేజి పంపింది ఫోను. వేలు ఎవరిదో దానికి తెలీదు."

"మీకు అన్నీ అనుమానాలే మేడమ్."

"మీకు ఒక్కటీ లేదు. ఇద్దర్నీ కలిపితే సరిగ్గా ఒక మనిషి అవుతాం."

వెనకాల ఉన్న కానిస్టేబులు నవ్వబోయి ఇన్‌స్పెక్టర్ని చూసి దగ్గాడు.

ఆమె ఫొటో గట్టు మీద పెట్టి, చిన్న స్కేలు, భూతద్దం తీసింది. గొడుగు తలని దాచింది కాని భుజాన్ని దాచలేదు. కర్ర మీద నాలుగు పట్టీలు దాటి, అయిదో పట్టీలో సగం దాటి ఉంది ఆ భుజం. నాలుగడుగుల ఏడంగుళాలు. పెద్ద టీచర్ నడినెత్తి ఉండవలసిన చోట ఈ మనిషి భుజం ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఫొటో దగ్గరగా పట్టుకుని చూశాడు. కెమెరాకి దగ్గరగా నిలబడితే మనిషి పెద్దగానే కనిపిస్తుందన్నాడు. చెయ్యి కర్ర మీద ఉంటే కర్రకి ఎంత దూరంలో నిలబడుతుంది అని అడిగిందామె. ఎత్తు మడమల చెప్పులు అన్నాడు. "మోకాళ్ల నొప్పుల మనిషి పదంగుళాల చెప్పులు వేసుకుంటే, అసలు దాని మీదే కేసు పెట్టాలి," అంది అంగుళం.

"సరే. అయితే ఆ పొడుగాటి ఆవిడెవరు?"

అది ఇంకా తెలీదు అంది ఆమె. ఇన్‌స్పెక్టర్ మొహం వెలిగింది. మూడింటికి విచారణకి తానూ వస్తానని, ఒక గొడుగుని పట్టుకుని ఆమె ఆఫీసరు ముందు ఏం నిరూపిస్తుందో చూడాలని ఉందని చెప్పాడు. అమ్మాయి రెండు గ్లాసుల మంచినీళ్లు తెచ్చి, గట్టు మీదున్న ఫొటో చూసి, గ్లాసులు దాని పక్కనే పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

ఆ తగాదాలో అంగుళం ఒక పొరపాటు చేసింది. పీట సంగతి అమ్మాయిని అడగడం మరిచిపోయింది.

మూడు గంటలకి విచారణ గదిలో ఆరుగురే ఉన్నారు. బల్ల వెనక ప్లానింగ్ ఆఫీసరు, పక్కన గుమాస్తా. ఇటు తమ్ముడు. అటు అంగుళం, అమ్మాయి. తలుపు పక్క కుర్చీలో ఇన్‌స్పెక్టర్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

తమ్ముడు యాభై దాటిన మనిషి, మాట మెత్తన. చేతిలో తాళాల గుత్తి వేలికి తగిలించుకుని నెమ్మదిగా తిప్పుతున్నాడు. తన కూతురు అంగుళం పక్కన కూర్చున్నందుకు నొచ్చుకున్నట్టు ఒకసారి చూశాడు. అక్క తనని చేతుల్లో పెంచిందని, ఆవిడకి అన్నీ తానే అమర్చి పెట్టానని, ఇంట్లో గట్లూ అరలూ పీటలూ అన్నీ తన చేత్తో చేసినవేనని ఆఫీసరుకి చెప్పాడు.

అంగుళం కర్ర సంగతి, భుజం సంగతి చెప్పింది. ఆఫీసరు ఓపిగ్గా విన్నారు. ఫొటోలో నీడలూ కొలతలూ చూసి విచారణ ఆపే అధికారం తనకి లేదన్నారు ఆవిడ. అభ్యంతరం సొంతదారు చెప్పాలి. లేదా ఆ సంతకం సొంతదారుది కాదని దగ్గరివాళ్లు ఎవరైనా ఎదుట నిలబడి చెప్పాలి. ఆ మాట అని అమ్మాయి వైపు చూశారు. అమ్మాయి బల్ల అంచు వైపు చూస్తోంది.

"పైగా అక్కగారి సంతకం ఒకచోట కాదు, రెండు చోట్ల ఉంది," అని ఆఫీసరు ఫైలు తిప్పి ముందుకు జరిపారు.

అంగుళం అంతవరకు మొత్తం ఫైలు చూడలేదు. మంగళవారం సైటు దగ్గర చేసిన సంతకం మొదటిది. పేరు మాత్రం ఉంది. రెండోది పన్నెండడుగుల దారి వాడుకునే హక్కు ఇస్తున్నట్టు రాసిన కాగితం మీద ఉంది. పేరు, కింద ఒక గీత, గీత కింద అదే చేతిరాతలో తేదీ. గురువారం.

ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"ఈ దారి హక్కు కాగితం ఎప్పుడు అడిగారండీ?"

ఆఫీసరు పేజీలు వెనక్కి తిప్పారు. ఫైలు పరిశీలిస్తుంటే అది తక్కువైనట్టు కనబడిందని, అర్జీదారుకి నోటు పంపామని, నోటు మీద సమయం కూడా ఉందని చెప్పారు. బుధవారం మధ్యాహ్నం మూడూ నలభై. శుక్రవారం పొద్దున తమ్ముడుగారు కాగితం తెచ్చి ఇచ్చారు.

అంగుళం తమ్ముడి వైపు తిరిగింది. "మీ అక్కగారు ఏ బస్సుకి వెళ్లారన్నారు?"

"బుధవారం. పొద్దున ఆరూ ఇరవై." తాళాలు తిరగడం ఆగింది.

"పొద్దున ఆరూ ఇరవైకి వెళ్లిపోయిన మనిషి, మధ్యాహ్నం దాకా ఎవరూ అడగని కాగితం మీద, గురువారం తేదీ వేసి సంతకం ఎలా చేసిందండీ?"

తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ కాలు కిందికి దించాడు.

తమ్ముడు తడుముకోలేదు. కాగితం కొరియర్లో పంపించానని, అక్క సంతకం చేసి మర్నాడే తిప్పి పంపిందని, ఆ కవరు స్కూటరు డిక్కీలో ఉందని చెప్పాడు. ఇప్పుడే తెస్తానని లేచాడు. ఆఫీసరు పది నిమిషాలు విరామం ఇచ్చారు. గడియారం మూడూ ఇరవై రెండు.

అంగుళం కుర్చీ అమ్మాయి వైపు జరుపుకుని గొంతు తగ్గించింది.

"రెండో సంతకం మీ అత్తయ్యదే. ముప్పై ఒక్కేళ్లు నోటు పుస్తకాల మీద పెట్టిన సంతకం అది. కింద తేదీ వేయందే ఆ చెయ్యి ఆగదు. మొదటిదాని కింద తేదీ లేదు. పేరు వంపులన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి, అలవాటు ఒక్కటే లేదు. ఆ సంతకాన్ని చిన్నప్పటి నుంచి దగ్గర నుంచి చూసినవాళ్లు పెట్టింది."

అమ్మాయి చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది.

"అత్తయ్య నీ భుజం దాకా వస్తుందని శనివారం నువ్వే చెప్పావు. మధ్యాహ్నం వంటింట్లో ఆ మాటే నేను ఫొటోలో కొలుస్తున్నాను, అయినా తట్టలేదు నాకు. ఆ గొడుగు కింద ఉన్నది నువ్వేనా అమ్మా?"

అమ్మాయి తల ఊపింది. ఆ తరవాత ఆగకుండా చెప్పింది. మంగళవారం పొద్దున నాన్న ఆసుపత్రికి ఫోను చేసి, అత్తయ్య మనసు మార్చుకుందని, ఒప్పుకుని తెల్లవారుజామునే స్నేహితురాలి ఊరు వెళ్లిందని, ఇవాళ సైటుకి మనిషి లేకపోతే మళ్లీ ఆర్నెల్లు ఆగాలని బతిమాలాడట. శాలువా కప్పుకుని, గొడుగు పట్టుకుని, అత్తయ్య సంతకం పెడితే చాలన్నాడు. తాను నమ్మింది. రెండు రోజుల తరవాత ఆయనే పోలీసులకి, అక్క వెళ్లింది బుధవారమని రాసిచ్చాడు. మంగళవారమే వెళ్లిందని తనతో చెప్పిన మనిషి.

"అప్పుడు భయమేసింది. చెబితే నాన్న జైలుకి వెళ్తాడు. చెప్పకపోతే అత్తయ్య దొరకదు. నేను చెప్పకుండానే మీరు కనిపెడతారేమోనని మీ దగ్గరికొచ్చాను."

"కనిపెట్టాను. ఆలస్యంగా. గురువారం నాటికి ఆవిడ బతికే ఉంది. బుధవారం సాయంత్రం అడిగిన కాగితం శుక్రవారం పొద్దునకి సంతకంతో వచ్చిందంటే ఈ ఊళ్లోనే ఉంది. ఎక్కడుందో తెలిస్తే చాలు." అప్పుడు గుర్తొచ్చింది అంగుళానికి. "వంటింట్లో అర కింద ముక్కాలిపీట ఉండాలి. ఏమైంది?"

అమ్మాయి ఆశ్చర్యంగా చూసింది, ఇంత పెద్ద సంగతిలో పీట గొడవేమిటన్నట్టు. "అదా. నాన్న గోడౌనులో ఉంది. నిన్న అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్తే వెనక గది తలుపు పక్కన కనబడింది. కాలు ఊడిందేమో, బాగు చెయ్యడానికి తెచ్చాడనుకున్నాను."

"ఆ వెనక గదికి కిటికీ ఉందా?"

"ఉంది. బాగా ఎత్తులో..." అమ్మాయి మాట అక్కడే ఆగిపోయింది. "కుళాయి కూడా ఎత్తులోనే. నాకే చెయ్యి పూర్తిగా ఎత్తితే గానీ అందదు."

అక్కని గదిలో పెట్టి తాళం వేశాడు. నీళ్లు అందవని పీట తెచ్చి ఇచ్చాడు. ఊడ్చినప్పుడో, కాగితం మీద సంతకం చేయించడానికి వెళ్లినప్పుడో దాన్ని ఇవతల పెట్టి, తిరిగి లోపల పెట్టడం మరిచిపోయి ఉండాలి. నిన్నటి నుంచి ఆవిడకి నీళ్లు అందుతున్నాయో లేదో.

అంగుళం బల్ల అవతలి వైపు చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది. తమ్ముడి ఫైలు, కళ్లజోడు పెట్టె, సగం తాగిన కాఫీ అలాగే ఉన్నాయి. తాళాల గుత్తి లేదు. గదిలో కిటికీ పక్కకి వెళ్లి కిందికి చూసింది. స్కూటర్ల వరసలో ఒకచోట ఖాళీ.

మూడూ ఇరవై తొమ్మిది. ఆయన వెళ్లి ఏడు నిమిషాలు. గోడౌను ఎంత దూరమంటే, స్కూటరు మీద పన్నెండు నిమిషాలు అంది అమ్మాయి. అక్క సంతకం ఇంకెక్కడా అక్కరలేదని, ఆవిడ నోరు తెరిస్తే తన పని అయిపోతుందని, ఏడు నిమిషాల కిందటే ఆయనకి తెలిసింది. తెలియజెప్పింది అంగుళమే.

ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడో, సగమే విన్నాడో ఆమె అడగలేదు.

"మీ జీపు ఎక్కడుంది?" అంది అంగుళం.

ఆయన ఈసారి మేడమ్ అనలేదు. అప్పటికే మెట్లు దిగుతున్నాడు.